గుర్తు, పేరు: కంప్యూటరు ఫోల్డర్ల చిహ్నాల కథ

చాకిరేవులో ఊరందరి బట్టలు కలిసి ఆరినా, సాయంత్రానికి ఏ ఇంటి బట్ట ఆ ఇంటికే చేరుతూ వచ్చినది. ఇందుకు ఆధారం బట్ట అంచున నల్లజీడి రసంతో పెట్టిన చిన్న గుర్తు. ఒక ఇంటికి రెండు చుక్కలు, మరొక ఇంటికి ఒక గీత, వేరొక ఇంటికి గీత పక్కన చుక్క. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు చెరగదు. దానికి లిపి లేదు, భాష లేదు. గుర్తు పెట్టినవారికీ, బట్టలు ఏరేవారికీ మధ్య ఉన్న ఒప్పందమే దాని అర్థం.

స్వతంత్ర భారతం ఇదే సూత్రాన్ని అతి విశాలమైన రంగంలో ప్రయోగించినది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అదే సంవత్సరం అక్టోబరులో ఆరంభమై 1952 ఫిబ్రవరిలో ముగిసిన ప్రథమ సాధారణ ఎన్నికలకు ఓటర్లుగా నమోదైనవారు 17 కోట్లకు పైబడినారు. అభ్యర్థి పేరు చదవలేని ఓటరు తన అభిమతాన్ని వెల్లడించడం ఎట్లా? ఎన్నికల సంఘం ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టెను, ప్రతి పెట్టెకూ ఒక గుర్తును ఏర్పరచినది. కాడి కట్టిన ఎడ్ల జత, చెట్టు, కంకి కొడవలి వంటి బొమ్మలు హిమాలయం నుండి కన్యాకుమారి వరకు ఒకే విధంగా అర్థమైనవి. చదువురాని ఓటరు కూడా ఎవరి సహాయమూ అడగకుండా తన ఎంపిక తాను చేసుకోగలిగినాడు.

నేడు పాఠశాల గ్రంథాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి ఎదుట ఇటువంటి సమస్యే చిన్న రూపంలో నిలుస్తున్నది. తెర మీద వరుసగా ఇరవై ముప్పై పసుపురంగు ఫోల్డర్లు ఉంటాయి. అన్నిటిదీ ఒకే ఆకారం. వాటి కింద పేర్లు సాధారణంగా ఆంగ్లంలో, కొన్నిసార్లు యంత్రం తనంతట తాను పెట్టిన ‘న్యూ ఫోల్డర్’ అనే పేరుతోనే ఉంటాయి. వారం రోజులు శ్రమించి తయారుచేసిన వ్యాసం ఏ ఫోల్డరులో ఉన్నదో తెలియక మళ్లీ మొదటి నుండి వ్రాసుకొనే విద్యార్థులు ఉంటారు. మరొకరి ఫోల్డరును తమదిగా భావించి తుడిచివేసేవారూ ఉంటారు. ఫోల్డరు గుర్తును మార్చుకొనే సౌకర్యం కంప్యూటరులో చాలాకాలంగా ఉన్నది. దానిని అలంకారంగా మాత్రమే చూడడం వలన దాని ఉపయోగమూ, దాని పరిమితులూ అంతగా ప్రచారంలోకి రాలేదు.

అట్ట ఫైలు నుండి తెర మీదికి

తెరపై కనిపించే ఫోల్డరు బొమ్మ నిజానికి ఒక అమెరికా కార్యాలయ వస్తువు చిత్రం. మధ్యకు మడిచిన దళసరి అట్ట, పై అంచున పేరు వ్రాయడానికి చిన్న చెవి వంటి పొడుచుకొని వచ్చిన భాగం. ఇటువంటి అట్టలను సొరుగులో నిలువుగా పేర్చి కాగితాలను భద్రపరచే పద్ధతిని 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో లైబ్రరీ బ్యూరో అనే సంస్థ ప్రజల ముందుకు తెచ్చినది. ఆ సంస్థను స్థాపించినవాడు గ్రంథాలయ వర్గీకరణకు పేరుగాంచిన మెల్విల్ డ్యూయీ. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే స్వామి వివేకానందుడు ప్రసంగించినాడు. ఆ అట్టలకు మనీలా ఫోల్డర్లు అనే పేరు స్థిరపడినది. ఫిలిప్పీన్స్ దేశపు అబాకా నారతో మొదట తయారైన ఆ కాగితపు లేత పసుపు వన్నె నేటికీ కంప్యూటరు తెరపై నిలిచి ఉన్నది.

భారతదేశపు కచేరీలలో కాగితాలు భద్రపరచిన తీరు వేరు. ఇక్కడ ఫైలును నాడాతో కట్టినారు. రికార్డు గదులలో దస్త్రాలను గుడ్డలో చుట్టి బస్తాలుగా బీరువాలకెక్కించినారు. అంతకు పూర్వం తాటాకు గ్రంథాలను రెండు చెక్కపలకల మధ్య ఉంచి, రంధ్రం గుండా తాడు దూర్చి బిగించినారు. కనుక చెవి ఉన్న పసుపు అట్ట అనేకమంది భారతీయ విద్యార్థులకు మొదట పరిచయమైనది వస్తువుగా కాదు, తెర మీద బొమ్మగానే.

కార్యాలయపు బల్లను తెర మీదికి తీసుకురావాలన్న ఆలోచన 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో నెలకొల్పిన జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకొన్నది. 1973లో అక్కడ తయారైన ఆల్టో యంత్రం తెరపై బొమ్మలను, అక్షరాలను చుక్కలతో కూర్చి చూపగలిగినది. 1975లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ తెరపై బొమ్మలకు ‘ఐకాన్’ అనే పేరును ప్రవేశపెట్టినాడు. 1981లో జెరాక్స్ విడుదల చేసిన స్టార్ యంత్రంలో కాగితం, ఫోల్డరు, సొరుగుల బీరువా, ఉత్తరాల బుట్ట బొమ్మలుగా తెరపై ప్రత్యక్షమైనవి. ఆదేశాలను కంఠస్థం చేయనవసరం లేకుండా కార్యాలయ ఉద్యోగి తనకు తెలిసిన వస్తువులను గుర్తుపట్టి పని చేసుకోవాలన్నది ఆ రూపకర్తల ఉద్దేశం.

ఆ యంత్రం ఖరీదు సామాన్యులకు అందనిది. 1984లో వచ్చిన ఆపిల్ మాకింటాష్ ఈ పద్ధతిని ఇళ్లలోకి, పాఠశాలలలోకి తెచ్చినది. దాని చిహ్నాలను రూపొందించిన సుసాన్ కేర్ గళ్ల కాగితంపై అడ్డంగా 32, నిలువుగా 32 గళ్లు తీసుకొని, ఒక్కొక్క గడిని నలుపుగానో తెలుపుగానో నిర్ణయించినది. మొత్తం 1,024 గళ్లలో ఒక భావం ఇమడవలసి వచ్చినది. ముగ్గు వేసేవారికి, కుట్టుపనిలో గళ్లు లెక్కించేవారికి ఆ సాధన కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లో అంతవరకు ‘డైరెక్టరీ’ అని పిలువబడినది 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95తో ‘ఫోల్డరు’గా స్థిరపడినది. 1991లో వెలువడిన మాకింటాష్ సిస్టమ్ 7 నుండి ఆ యంత్రపు వాడుకదారు తనకు నచ్చిన చిహ్నాన్ని ఫోల్డరుకు అతికించుకొనే వీలు కలిగినది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో ఇందుకు ప్రత్యేకమైన పుట ఏర్పడినది.

చిహ్నం నిర్మాణం

ఫోల్డరు ఒక వస్తువు వలె కనిపించినా, యంత్రం దృష్టిలో అది ఒక జాబితా మాత్రమే. ఏ ఫైళ్లు దానికి చెందినవో ఆ జాబితా తెలుపుతుంది. బొమ్మ ఆ జాబితాలో భాగం కాదు. తెరపై చూపవలసి వచ్చినప్పుడు నిర్వహణ వ్యవస్థ ఒక బొమ్మను తెచ్చి దాని పైన నిలుపుతుంది. ప్రత్యేకంగా ఏదీ సూచించకపోతే అందరికీ ఉన్న సాధారణమైన బొమ్మనే చూపుతుంది. గుర్తు మార్చడమంటే ఈ ఫోల్డరుకు వేరే బొమ్మ చూపవలసినదని ఒక సూచన వ్రాసి ఉంచడమే. లోపలి ఫైళ్లకు దీనివలన ఎటువంటి మార్పూ కలుగదు.

ఒకే చిహ్నం జాబితాలో ఆవగింజంతగానూ, పెద్ద వరుసలలో అరచేయంతగానూ కనిపించవలసి ఉంటుంది. పెద్ద బొమ్మను కుదించితే సన్నని గీతలు కలిసిపోయి మసక మరక మిగులుతుంది. అందుచేత విండోస్ చిహ్నాలకు వాడే ‘ఐకో’ రకపు ఫైలులో ఒకే బొమ్మ అనేక పరిమాణాలలో భద్రపరచబడుతుంది. 16, 32, 48, 256 చుక్కల పరిమాణాలు వీటిలో ముఖ్యమైనవి. సందర్భాన్ని బట్టి వ్యవస్థ వాటిలో తగినదానిని ఎన్నుకొంటుంది. ఫోనుతో తీసిన ఛాయాచిత్రాన్ని నేరుగా విండోస్ ఫోల్డరు గుర్తుగా పెట్టబోతే వ్యవస్థ అంగీకరించకపోవడానికి ఇదే కారణం. ముందుగా దానిని చతురస్రంగా కత్తిరించి, బొమ్మలు దిద్దే ప్రోగ్రాము సహాయంతో ‘ఐకో’గా మార్చవలసి ఉంటుంది. ఉచితంగా లభించే గింప్ వంటి ప్రోగ్రాములు ఈ పని చేయగలవు.

మార్చే విధానం

విండోస్ యంత్రంలో ఫోల్డరుపై మౌసు కుడి మీట నొక్కి, ‘ప్రాపర్టీస్’ అనే పుటను తెరవాలి. అందులో ‘కస్టమైజ్’ విభాగంలో అడుగున ‘ఛేంజ్ ఐకాన్’ అనే మీట కనిపిస్తుంది. దానిని నొక్కితే వ్యవస్థతో పాటు వచ్చిన చిహ్నాల వరుస తెరుచుకొంటుంది. వాటిలో ఒకదానిని ఎన్నుకొనవచ్చును, లేదా ‘బ్రౌజ్’ ద్వారా స్వయంగా తయారుచేసుకొన్న ‘ఐకో’ ఫైలును చూపవచ్చును. తర్వాత ‘ఓకే’ నొక్కి మార్పును స్థిరపరచాలి. పాత గుర్తు కావాలనుకొంటే అదే చోట ‘రిస్టోర్ డిఫాల్ట్స్’ మీట సిద్ధంగా ఉంటుంది. ఒక్కొక్కసారి మార్పు చేసిన తర్వాత కూడా పాత బొమ్మే కనిపించవచ్చును. వేగం కోసం వ్యవస్థ చిహ్నాల నకళ్లను వేరుగా దాచుకొని వాటినే చూపుతూ ఉండడం ఇందుకు కారణం. యంత్రం నుండి నిష్క్రమించి మళ్లీ ప్రవేశిస్తే సాధారణంగా కొత్త గుర్తు కనిపిస్తుంది.

మాకింటాష్‌లో విధానం ఇంకా సులువు. ఏదైనా చిత్రాన్ని తెరచి నకలు చేసుకోవాలి. తర్వాత ఫోల్డరును ఎన్నుకొని ‘గెట్ ఇన్ఫో’ పుటను తెరచి, పైన ఎడమ మూలనున్న చిన్న ఫోల్డరు బొమ్మను ఒకసారి నొక్కి, నకలును అక్కడ అతికించాలి. అదే బొమ్మను నొక్కి తొలగిస్తే మొదటి గుర్తు తిరిగి వస్తుంది. 2025లో విడుదలైన మాక్ ఓఎస్ టాహోతో ఫోల్డరు రంగును మార్చడం, దానిపై చిన్న చిహ్నాన్ని నిలుపడం వ్యవస్థలోనే భాగమైనవి.

లినక్స్ ఆధారిత వ్యవస్థలలో సాధారణంగా గ్నోమ్ లేదా కేడీఈ అనే ముఖపత్రాలలో ఒకటి ఉంటుంది. రెండింటిలోనూ ఫోల్డరు ‘ప్రాపర్టీస్’ పుటలో కనిపించే బొమ్మను నొక్కితే కొత్త చిత్రాన్ని ఎన్నుకొనే అవకాశం వస్తుంది. ఇక్కడ ‘ఐకో’ మార్పిడి అవసరం లేదు. సాధారణ చిత్రాలను వ్యవస్థ స్వీకరిస్తుంది. కేరళలో 2001లో ఆరంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ పథకం, 2017లో దాని స్థానంలో ఏర్పడిన ‘కైట్’ సంస్థ పాఠశాలల కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకే ప్రాధాన్యం ఇచ్చినందున ఆ రాష్ట్రపు బాలబాలికలలో అనేకులకు ఈ పద్ధతి పరిచితమైనది.

గుర్తు ఎక్కడ నిలిచి ఉంటుంది

ఫోల్డరుకు ఎంతో శ్రద్ధతో గుర్తు పెట్టి, పెన్‌డ్రైవులో వేసుకొని మరొక యంత్రానికి తీసుకుపోతే అక్కడ మామూలు పసుపు ఫోల్డరే కనిపించడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. లోపం యంత్రానిది కాదు. గుర్తును తెలిపే సూచన ఎక్కడ వ్రాయబడి ఉన్నదనే దానిపై ఫలితం ఆధారపడి ఉంటుంది.

విండోస్ ఆ సూచనను ఫోల్డరు లోపలనే ‘డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ’ అనే చిన్న ఫైలులో వ్రాసి, అది కంటికి కనిపించకుండా దాచుతుంది. ఫోల్డరుకు ‘రీడ్ ఓన్లీ’ అనే ముద్ర కూడా వేస్తుంది. ఈ ముద్ర ఫైళ్ల విషయంలో ‘మార్చరాదు’ అని చెబుతుంది. ఫోల్డరు విషయంలో మాత్రం ‘లోపల ప్రత్యేక సూచన ఉన్నది, చూడవలసినది’ అని వ్యవస్థకు సంకేతం ఇస్తుంది. సూచన ఫైలులో బొమ్మ ఉండదు. బొమ్మ ఉన్న చోటు చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామా మొదటి యంత్రంలోని ఏదో మూలను చూపుతూ ఉంటే, రెండవ యంత్రంలో ఆ చోటు ఉండదు కనుక గుర్తు మాయమవుతుంది. ‘ఐకో’ ఫైలును కూడా అదే ఫోల్డరులో ఉంచి, సూచనలో దాని పేరు మాత్రమే మిగిలేటట్లు దిద్దితే, ఫోల్డరుతో పాటు గుర్తు కూడా మరొక విండోస్ యంత్రానికి ప్రయాణం చేయగలదు.

మాకింటాష్ కూడా బొమ్మను ఫోల్డరు లోపలనే కనిపించని ఫైలులో దాచుతుంది. కాని దానిని చదివే విధానం మాకింటాష్‌కే తెలుసు. విండోస్‌లో ఆ ఫోల్డరు మామూలు వేషంలోనే దర్శనమిస్తుంది. కేడీఈ సూచనను ఫోల్డరులో ఉంచుతుంది. గ్నోమ్ మాత్రం దానిని వాడుకదారు సొంత ఖాతాలో వ్రాసుకొంటుంది. అందుచేత ఒకే యంత్రంలో మరొక విద్యార్థి తన ఖాతాతో ప్రవేశిస్తే, మొదటి విద్యార్థి పెట్టిన గుర్తు అతనికి కనిపించదు.

దీని నుండి ఒక ముఖ్యమైన నియమం తేలుతున్నది. గుర్తు స్థానికమైనది, పేరు సార్వత్రికమైనది. మెయిలులో పంపినా, ఇంటర్నెట్ భాండాగారంలో దాచినా, పదేళ్ల తర్వాత కొత్త యంత్రంలోకి మార్చినా పేరు నిలుస్తుంది, గుర్తు రాలిపోవచ్చును. ‘న్యూ ఫోల్డర్ 7’ అనే పేరు ఉంచి, దానిపై అందమైన బొమ్మ అతికించినవారు బొమ్మ రాలిన నాడు పూర్తిగా దారి తప్పుతారు. పేరును సరిగా పెట్టిన తర్వాతనే గుర్తును గురించి ఆలోచించడం ఉచితం.

ఎంపికలో వివేకం

అన్నీ గుర్తులే అయితే ఏదీ గుర్తుగా నిలువదు. ముప్పై ఫోల్డర్లకు ముప్పై బొమ్మలు పెట్టితే కన్ను మళ్లీ వెదుకులాటలోనే పడుతుంది. తరచుగా తెరిచే నాలుగైదు ఫోల్డర్లకు మాత్రమే ప్రత్యేక చిహ్నాలు ఇచ్చి, మిగిలినవాటిని సాధారణంగా విడిచిపెట్టడం మేలు. చిహ్నం 16 చుక్కల పరిమాణంలో కూడా గుర్తుపట్టగలిగేంత సరళంగా ఉండాలి. ఆకు, గంట, దీపం, త్రాసు వంటి స్పష్టమైన ఆకారాలు ఇందుకు తగినవి. బృంద ఛాయాచిత్రం చిన్నదైనప్పుడు ఏమీ తెలియదు.

రంగును మాత్రమే నమ్ముకోవడం సరికాదు. ఎరుపును, ఆకుపచ్చను వేరు చేసి చూడలేనివారు ప్రతి సమాజంలోనూ ఉన్నారు. పురుషులలో వారి సంఖ్య అధికం. ఎర్ర ఫోల్డరు, ఆకుపచ్చ ఫోల్డరు వారికి ఒకే తీరున కనిపించవచ్చును. రంగుతో పాటు ఆకారం కూడా మారితే ఈ ఇబ్బంది తొలగుతుంది. అంధ విద్యార్థులు వాడే చదివి వినిపించే ప్రోగ్రాము ఫోల్డరు పేరునే పలుకుతుంది. దాని మీది బొమ్మను వర్ణించదు. వారికి గుర్తు లేనట్లే. పేరు ప్రాముఖ్యం ఇక్కడ మరొకసారి వెల్లడి అవుతున్నది.

యంత్రంతో పాటు వచ్చే చిహ్నాలలో అనేకం ఒక దేశపు అలవాట్లను ప్రతిబింబిస్తాయి. లెక్కలకు డాలరు ముద్ర, ఉత్తరాలకు పక్కన జెండా ఉన్న ఇంటి ముందరి పెట్టె ఇందుకు ఉదాహరణలు. మన దేశంలో తపాలా పెట్టె ఎర్రని స్తంభం వలె ఉంటుంది. 2010 జులైలో భారత ప్రభుత్వం ఆమోదించిన రూపాయి చిహ్నం దేవనాగరి ‘ర’ను, రోమన్ ‘ఆర్’ను కలిపి డి. ఉదయకుమార్ రూపొందించినది. ఏ భాషా ప్రాంతంలోనైనా అది వెంటనే డబ్బును స్ఫురింపజేస్తుంది. ఒక కళాశాల సహకార భాండారపు లెక్కల ఫోల్డరుకు డాలరు కన్న ఆ గుర్తే తగినదని వేరుగా చెప్పనక్కరలేదు.

పలువురు వాడే యంత్రంలో గుర్తుల ఎంపిక ఒక్కరి ఇష్టంతో తేలరాదు. విద్యార్థులలో ఒకరి మాతృభాష తెలుగు, ఒకరిది ఉర్దూ, మరొకరిది మరాఠీ, వేరొకరిది గోండి కావచ్చును. ఒకరికి సహజంగా తోచిన బొమ్మ మరొకరికి అపరిచితం కావచ్చును, ఒక్కొక్కప్పుడు నొప్పించనూ వచ్చును. అందరూ చూచి, ఏ గుర్తు దేనికో అంగీకరించి, ఆ పట్టికను కంప్యూటరు పక్కన గోడకు అతికించడం మంచి పద్ధతి. నల్లజీడి గుర్తు పనిచేసినది ఒప్పందం వలననే కదా.

పేరుకు లిపి

పేరు ముఖ్యమని చెప్పినంతనే అది ఏ లిపిలో ఉండాలన్న ప్రశ్న వస్తుంది. ఒకప్పుడు దీనికి సమాధానం ఆంగ్లమే. తెలుగు అచ్చుపనికి వాడిన పాత ఖతులలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చినారు. ఆ ఖతి ఉన్న పుటలో తెలుగుగా కనిపించే మాట ఫైలు పేరుగా వ్రాయగానే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపుగా మారేది. అందువలన లోపల తెలుగు వ్యాసం ఉన్నా, బయట పేరు ఆంగ్లంలోనే పెట్టవలసి వచ్చేది.

ఈ స్థితిని మార్చినది యూనికోడ్. 1991 అక్టోబరులో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒరియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం లిపులకు వేరువేరు స్థానాలు లభించినవి. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉండడం వలన హైదరాబాదులో పెట్టిన పేరు భువనేశ్వరంలోనూ అదే పేరుగా నిలుస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగుకు తగిన ఏర్పాటు, గౌతమి అనే ఖతి లభించినవి. నాటి నుండి ఫోల్డరుకు ‘చరిత్ర వ్యాసాలు’ అనో, ‘మొక్కల చిత్రాలు’ అనో నేరుగా తెలుగులో పేరు వ్రాయడానికి అడ్డంకి తొలగినది. పుణేలో 1988లో ఏర్పడిన సీడాక్ సంస్థ రూపొందించిన ‘బాస్’ అనే లినక్స్ వ్యవస్థ భారతీయ భాషలను దృష్టిలో ఉంచుకొని తయారైనది. స్వేచ్ఛ అనే తెలుగు సంస్థ స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో తెలుగు ముఖపత్రం గల వ్యవస్థను అందించినది.

తెలుగు పేర్లు వాడేవారు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. సాధారణంగా జాబితాలో రోమన్ పేర్లు ముందు, భారతీయ లిపులలోని పేర్లు వాటి తర్వాత నిలుస్తాయి. క్రమం కావాలనుకొంటే పేరు ముందు 01, 02, 03 అని అంకెలు చేర్చడం ఉపయోగకరం. అంకె క్రమాన్ని, పేరు విషయాన్ని, గుర్తు చూపును చూసుకొంటాయి.

బొమ్మను నమ్మి మోసపోవడం

గుర్తును ఎవరైనా మార్చగలరంటే దుర్బుద్ధి గలవారు కూడా మార్చగలరని అర్థం. పెన్‌డ్రైవుల ద్వారా వ్యాపించిన అనేక వైరస్ ప్రోగ్రాములు ఫోల్డరు వేషం ధరించినవి. అసలు ఫోల్డరును దాచివేసి, అదే పేరుతో, అదే పసుపు బొమ్మతో ఒక ప్రోగ్రాము అక్కడ కూర్చొంటుంది. విద్యార్థి ఫోల్డరు అనుకొని తెరవబోతే ప్రోగ్రాము నడిచి యంత్రమంతా పాకుతుంది. ఆ యంత్రంలో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవుకూ అంటుకొంటుంది. విండోస్ సామాన్యంగా ఫైలు పేరు చివరి రకాన్ని చూపకుండా దాచడం ఈ మోసానికి తోడైనది.

ఇంతకన్న తీవ్రమైన సంఘటన 2010లో బయటపడినది. స్టక్స్‌నెట్ అనే దుష్ట ప్రోగ్రాము పెన్‌డ్రైవులో షార్ట్‌కట్ల రూపంలో ప్రయాణించినది. దానిని నొక్కవలసిన పని కూడా లేదు. ఫోల్డరును తెరచి చూసినంతనే, విండోస్ ఆ షార్ట్‌కట్ చిహ్నాన్ని తెరపై చూపడానికి చేసే ప్రయత్నంలోనే దుష్ట ప్రోగ్రాము నడిచేది. ఇరాన్ అణు కేంద్రంలోని యంత్రాలే దాని లక్ష్యమని నిపుణులు నిర్ధారించినారు. అది సోకిన దేశాలలో ఇండొనేసియా, భారతదేశం కూడా ముందువరుసలో నిలిచినవి. ఆ లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో సరిదిద్దినది. ఒక చిన్న బొమ్మను చూపించే పనిలో కూడా ఎంత జాగ్రత్త అవసరమో ఈ ఉదంతం తెలుపుతున్నది.

గ్రంథాలయాల కంప్యూటర్లకు ఇందుకు తేలికైన రక్షణలు ఉన్నవి. ఫైలు రకాన్ని ఎల్లప్పుడూ చూపేటట్లు విండోస్‌ను అమర్చాలి. అప్పుడు ఫోల్డరు బొమ్మతో ఉన్న ప్రోగ్రాము పేరు చివర ‘ఈఎక్స్ఈ’ అని బయటపడుతుంది. జాబితా వరుసలో ‘టైప్’ అనే గడిని చూసే అలవాటు చేసుకోవాలి. అక్కడ నిజమైన ఫోల్డరు ఎదుట ‘ఫైల్ ఫోల్డర్’ అనే మాటే ఉంటుంది. వ్యవస్థను, వైరస్ నిరోధక ప్రోగ్రామును ఎప్పటికప్పుడు నవీకరించాలి. ఇంటర్నెట్‌లో చిహ్నాల కోసం వెదికేవారు బొమ్మల ఫైళ్లను మాత్రమే తెచ్చుకోవాలి. ‘చిహ్నాలు మార్చిపెట్టే ప్రోగ్రాము’ పేరుతో వచ్చే అపరిచిత సాధనాలను యంత్రంలోకి రానీయరాదు. గుర్తు మార్చడానికి వ్యవస్థలో ఉన్న సౌకర్యమే చాలును.

పాఠకుని కాలం

భారతీయ గ్రంథాలయ శాస్త్ర పితామహుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయవలసినదని విధిస్తున్నది. పుస్తకం వీపున అతికించిన సంఖ్య ఆ సూత్రానికి రూపం. ఆ సంఖ్యను చదువగలిగినవారు వేల పుస్తకాల మధ్య తమకు కావలసినదానిని నిమిషాలలో అందుకొంటారు. కాని బీరువా పైన వ్రేలాడే ‘విజ్ఞానం’, ‘కథలు’ అనే పలక, దాని పక్కన ఒక బొమ్మ ఉన్నప్పుడే కొత్తగా వచ్చిన బాలుడు ఆ బీరువా వరకు ధైర్యంగా నడుస్తాడు.

కంప్యూటరులో ఫోల్డరు గుర్తు ఆ పలక వంటిది. పేరు ఆ సంఖ్య వంటిది. మొదటిది దూరం నుండి పిలుస్తుంది, రెండవది చేరువలో నిర్ధారిస్తుంది. ఇంట్లో కంప్యూటరు లేక, గ్రంథాలయ యంత్రం వద్ద వారానికి ఒక గంట మాత్రమే లభించే విద్యార్థికి వెదుకులాటలో పోయే ప్రతి నిమిషమూ నష్టమే. అందరూ అంగీకరించిన నాలుగు గుర్తులు, మాతృభాషలో స్పష్టంగా వ్రాసిన పేర్లు ఆ నిమిషాలను చదువుకు తిరిగి అప్పగిస్తాయి. ఇందుకు ఖర్చు లేదు, కొత్త పరికరం అవసరం లేదు. గ్రంథపాలకుడు, విద్యార్థులు ఒక సాయంత్రం కూర్చొని చేసుకోదగిన పని ఇది.